ఏనుగు చెవిలో నెమలీక

అదొక పెద్ద అడవి. పెద్దదంటే చెట్లు ఎక్కువని కాదు, పదవులు ఎక్కువని. వాగు తనిఖీకి ఒకరు, ఇప్పచెట్ల సంరక్షణకు ఒకరు, చీమల బారులు వంకర పోకుండా చూడటానికి ఒకరు, వాళ్లంతా సరిగ్గా చూస్తున్నారో లేదో చూడటానికి ఇంకొకరు.

ఈ పదవుల కోసం రోజూ కొట్లాటలే. ఆ గోల భరించలేక వనసభ అధ్యక్షురాలు గౌరమ్మ ఒక నియమం పెట్టింది. గౌరమ్మ అడవిదున్న. మాట తక్కువ, బరువు ఎక్కువ.

“ఇకమీదట పదవి కావాలంటే మూడు పరిశోధన పత్రాలు రాసి ఉండాలి,” అంది.

మర్నాటి నుంచి అడవంతా పరిశోధకులే.

పత్రమంటే అక్కడ నిజంగా పత్రమే. లేత టేకాకు మీద ముల్లుతో గీస్తే గీత ఎర్రగా తేలుతుంది. అలా గీసిన ఆకుల్ని గిజిగాళ్లు నారతో కుట్టి, పున్నమి పున్నమికీ ఒక సంపుటి తెచ్చేవి. ఆ పత్రిక పేరు ‘అడవి విజ్ఞానం’. దాని సంపాదకుడు కొండముచ్చు వాలేశ్వరరావు. నల్లటి మొహం, తెల్లటి బొచ్చు, బారెడు తోక. కొమ్మ మీద కూర్చుని తోకను కిందికి వేలాడదీసి ఆకు చదువుతుంటే, ఎంతటివాళ్లయినా ఆ తోక తగలకుండా పక్కనుంచి నడిచేవాళ్లు.

నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. మొదటి రెండేళ్లు పత్రికను మహా నిక్కచ్చిగా నడిపాడు. ఎవరైనా పత్రం పంపితే, ఆ విషయం తెలిసిన ఇద్దరు పరిశీలకులకు ఇచ్చేవాడు. వాళ్లు బాగుందంటేనే కుట్టడానికి పంపేవాడు. సొంత బావమరిది రాసినదాన్ని తిప్పి పంపి, ఆ ఏడాదంతా అత్తవారి చింతచెట్టు ఎక్కలేకపోయాడు కూడా.

వచ్చిన చిక్కల్లా వడ్రంగిపిట్టతో వచ్చింది.

అడవిలో ఎవరు ఎంత గొప్ప పండితులో తేల్చే పని ఆ పిట్టది. ఎవరి పత్రాన్నయినా మరొకరు తమ పత్రంలో ప్రస్తావిస్తే, అది వచ్చి ఆ పండితుడి చెట్టుకు ఒక చిల్లు పొడిచేది. ఎన్ని చిల్లులుంటే అంత పాండిత్యం. పత్రంలో ఏముందో దానికి అక్కర్లేదు. దానికి చదవడం రాదు, పొడవడమే వచ్చు.

వాలేశ్వరరావు చెట్టుకు ఒకే ఒక్క చిల్లు ఉండేది. అది కూడా ఎప్పట్నుంచో ఉన్న తొర్రేనని గిట్టనివాళ్లు అనేవాళ్లు. తన చేతి మీదుగా కీర్తి తెచ్చుకున్నవాళ్ల చెట్లన్నీ జల్లెడలైపోతుంటే, తన చెట్టు మాత్రం నున్నగా నిలబడి ఉండటం చూసి ఆయనకు లోపల్లోపల కష్టంగా ఉండేది.

వయసులో ఉన్నప్పుడు ఆయన రాసింది కూడా ఒకే పత్రం. ఒక మధ్యాహ్నం నల్లమద్ది చెట్టు చిటారు కొమ్మ నుంచి చూస్తుంటే, కింద మదమెక్కిన ఏనుగు ఒకటి కదలకుండా నిలబడి కనిపించింది. దాని చెవి మడతలో ఒక నెమలీక ఇరుక్కుని ఉంది. వాలేశ్వరరావు చెట్టు దిగకుండానే ఆలోచించి, ‘చెవిలోని నెమలీక వల్ల ఏనుగు శాంతించి ఉండవచ్చు’ అని రాశాడు. ‘ఉండవచ్చు’ అన్న మాట కింద జాగ్రత్తగా రెండు గీతలు గీశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

దాన్ని మళ్లీ వెలికితీసినవాడు ముంగిస చెంగల్రాయుడు.

చెంగల్రాయుడికి వాగు తనిఖీదారు పదవి మీద కన్ను. ‘ముంగిస తోక పొడవు: కొన్ని ఆలోచనలు’ అని ఒక పత్రం పట్టుకొచ్చాడు. అందులో తోక గురించి నాలుగు ముక్కలు, ఏనుగు చెవిలో ఈక గురించి పద్నాలుగు ముక్కలు ఉన్నాయి.

“తోకకూ ఏనుగుకూ ఏమిటయ్యా సంబంధం?” అన్నాడు వాలేశ్వరరావు.

“సంబంధం లేకపోవచ్చు గురువుగారూ. కానీ మీ పత్రం చదివాక ఇంకేం రాయబోయినా అదే గుర్తొస్తోంది. నేనేం చేసేది?” అన్నాడు చెంగల్రాయుడు, చేతులు కట్టుకుని.

ఆ పత్రం ఏ పరిశీలకుడి దగ్గరికీ వెళ్లలేదు. ఆ పున్నమికే వెలువడింది. మర్నాడు పొద్దున్నే టకటకమని చప్పుడైతే వాలేశ్వరరావు బయటికొచ్చి చూశాడు. వడ్రంగిపిట్ట తన చెట్టుకు చిల్లు పొడుస్తోంది. ఆ చప్పుడు ఆయనకు సన్నాయిలా వినిపించింది.

ఆ తర్వాత ఆయనే మెల్లగా సూచనలు ఇవ్వడం మొదలుపెట్టాడు. నత్త గుల్లల మీద పత్రం తెచ్చిన కప్పతో, “బాగా రాశావమ్మా. ఏనుగుల గురించిన పాత పరిశోధన కూడా కాస్త చూసి ఉంటే నిండుగా ఉండేది,” అన్నాడు. కప్ప తెలివిగలది. సాయంత్రానికల్లా చూసి తెచ్చింది.

కొన్నాళ్లకు సూచనలూ అవసరం లేకపోయాయి. పుట్టగొడుగుల మీద రాసినా, పిడుగుల మీద రాసినా మొదటి ఆకులో వాలేశ్వరరావు గారి నెమలీక ఉండాల్సిందే.

ఇక్కడ ఇంకో తమాషా జరిగింది. చెంగల్రాయుడు రాసేటప్పుడు వాక్యం పొడుగైందని ‘శాంతించి ఉండవచ్చు’ను ‘శాంతిస్తుంది’ చేశాడు. చెంగల్రాయుణ్ణి చూసి రాసిన కుందేలు ‘శాంతిస్తుందని రుజువైంది’ అంది. కుందేలును చూసి రాసిన నీటికాకి ‘అందరికీ తెలిసినట్టే’ అని మొదలుపెట్టింది. అసలు పత్రం తీసి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మూడేళ్లు తిరిగేసరికి ఆ రెండు గీతల ‘ఉండవచ్చు’ ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. వాలేశ్వరరావు చెట్టుకు మాత్రం మూడు వందల పన్నెండు చిల్లులు పడ్డాయి. వాటిల్లో చిలకలు కాపురాలు పెట్టాయి.

పదవి అక్కర్లేకుండా పరిశోధన చేసిన జీవి ఆ అడవిలో ఒక్కటే ఉండేది. అది అలుగు. పేరు అలివేలు. ఒంటి నిండా పొలుసులు, మనసు నిండా బిడియం. ఎవరైనా గట్టిగా పలకరిస్తే చటుక్కున బంతిలా ముడుచుకుపోయేది. వాగు ఒడ్డున చెదపుట్టలు తవ్వుకుంటూ బతికేది.

ఆ వాగే ఏనుగు భద్రయ్య నడిచే దారి. భద్రయ్య ఏడాదిలో పదకొండు నెలలు పరమ సాధువు. జింకపిల్లలు తొండం మీద జారుడుబండ ఆడుకుంటే ఊరుకునేవాడు. మదమెక్కిన ఆ ఒక్క నెల మాత్రం తనెవరో తనకే తెలిసేది కాదు.

అలివేలు మూడేళ్లపాటు ఆ ఒక్క నెలను గమనించింది. నాలుగుసార్లు భద్రయ్య కాలు తగిలి దొర్లిపోయింది. అలుగు కాబట్టి బతికింది. దొర్లిన ప్రతిసారీ లేచి, ఎంత దూరం దొర్లిందో అడుగులేసి కొలిచి రాసుకుంది. చివరికి ఏడు టేకాకుల పత్రం పట్టుకుని సంపాదకుడి చెట్టు కిందికొచ్చింది.

“అయ్యా, మదం నెలలో భద్రయ్య తాత పొద్దున్న వాగులోంచే ఏటికి పోతాడు, సాయంత్రం వాగులోంచే వస్తాడు. గట్టు మాత్రం ఎక్కడు. ఆ నెల వాగు వదిలేసి గట్టు మీద ఉంటే ఎవరికీ ఏమీ కాదు. ఎదురుపడితే మాత్రం ఆగడు,” అంది నేల చూస్తూ.

“మరి నెమలీక సంగతి?” అన్నాడు వాలేశ్వరరావు నవ్వుతూ.

“అది కూడా రాశానయ్యా. నెమళ్లు పడుకునే పొదలకు తాత ఒళ్లు రుద్దుకుంటాడు. అందుకని చెవిలో ఈకలు ఇరుక్కుంటూనే ఉంటాయి. నన్ను తన్నిన నాలుగుసార్లలో మూడుసార్లు ఈక ఉంది.”

వాలేశ్వరరావు నవ్వు ఆగిపోయింది. “మరి నేను చూసిన ఏనుగు? కదలకుండా నిలబడ్డదే!”

“మిట్టమధ్యాహ్నం కదా చూశారు? అప్పుడు ఏనుగులు నిలబడే కునుకు తీస్తాయయ్యా.”

ఇంతకాలానికి తన పత్రాన్ని నిజంగా చదివిన జీవి ఎదురుగా నిలబడింది. అందుకు సంతోషించాలో ఏడవాలో ఆయనకు తోచలేదు. “ఉంచి వెళ్లమ్మా. పరిశీలిస్తాం,” అన్నాడు.

తన మీద వచ్చిన విమర్శను తనే తూచకూడదని ఆయనకు తెలియక కాదు. ఆ నియమం పత్రిక మొదటి ఆకు మీద ఆయన చేతిరాతతోనే ఉంది. దాన్ని వేరొకరి చేతిలో పెట్టి తప్పుకోవాలి. కానీ చేతిలో పెట్టబోతే చెయ్యి సాగలేదు. సగం నియమమే పాటించాడు. వెయ్యాలో వద్దో తేల్చే పని తన దగ్గరే ఉంచుకుని, చదివి అభిప్రాయం చెప్పమని ముళ్లపంది కంటకయ్యకు పంపాడు.

కంటకయ్య పేరు వింటేనే పరిశోధకులకు చెమటలు పట్టేవి. ఆయన మెచ్చుకోవడం ఎవరూ ఎరుగరు. అలాంటిది ఈసారి రెండో రోజే వచ్చి, ముళ్లు దించుకుని మరీ కూర్చున్నాడు.

“వాలేశ్వరం, ఇంత మంచి పత్రం నేను చూసి పదేళ్లయింది. వెంటనే వెయ్యి. మళ్లీ మదం నెల వచ్చేస్తోంది.”

“భాష కొంచెం సరిచూడాలి...”

“భాషకేం? నాలుగుసార్లు తన్నులు తిని రాసిన భాష. నీ నా భాషలా కూర్చుని రాసింది కాదు.”

కంటకయ్య వెళ్లగానే ఆయన ఇచ్చిన అభిప్రాయాన్ని వాలేశ్వరరావు తొర్రలో దాచేశాడు. పత్రాన్ని చెంగల్రాయుడికి పంపాడు. చెంగల్రాయుడు దాన్ని మొదటి ఆకు దాటి చదవలేదు. ‘గురువుగారి విశ్వవిఖ్యాత సిద్ధాంతాన్ని రచయిత్రి అర్థం చేసుకోలేదు’ అని రాసి పంపాడు. తనకు కావలసింది అదే కాబట్టి వాలేశ్వరరావు దాన్ని రెండుసార్లు చదువుకుని, కాస్త ఊరట పొందాడు.

అలివేలు పున్నమి పున్నమికీ వచ్చి అడిగేది.

“నా పత్రం ఏమైందయ్యా?”

“పరిశీలనలో ఉందమ్మా.”

మూడో పున్నమికి ఒక చిన్న ఆకు ఇచ్చాడు. ‘ప్రస్తుత సంపుటానికి అనువుగా లేదు’ అని ఉంది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఎక్కడ తప్పు రాశానో చెబితే దిద్దుకుంటానయ్యా,” అంది.

ఆయన తోక సర్దుకుని పై కొమ్మకు వెళ్లిపోయాడు. ఆ పూట చిగుళ్లు కూడా సహించలేదు.

ఇంతలో వనసభ వార్షికోత్సవం దగ్గరపడింది. ఎండాకాలం. వాగులో నీళ్లు సన్నగిల్లి మెత్తటి ఇసుక తేలింది. రెండు పక్కలా నేరేడు చెట్ల నీడ. అంతకంటే మంచి చోటు ఎక్కడుంది? అక్కడే వెదురు వేదిక కట్టాలని సభ తీర్మానించింది.

సరిగ్గా అప్పుడే, భద్రయ్యకు కణతల నుంచి నీరు కారుతోందని గోరింకలు కబురు తెచ్చాయి. మదం మొదలైందన్నమాట.

“అయితే వాయిదా వేద్దాం,” అంది గౌరమ్మ.

చెంగల్రాయుడు లేచాడు. అప్పటికి అతను వాగు తనిఖీదారు అయి ఏడాది. “అమ్మా, వాయిదా ఎందుకు? చెవిలో నెమలీక పెడితే ఏనుగు శాంతిస్తుందని మూడు వందల పన్నెండు పత్రాలు ఘోషిస్తున్నాయి. విజ్ఞానాన్ని మనమే నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?”

సభ చప్పట్లు కొట్టింది. ఆ మూడు వందల పన్నెండులో చాలావరకు రాసినవాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు.

“అవన్నీ అబద్ధం!” అని వెనక నుంచి కంటకయ్య అరిచాడు. “అలుగుపిల్ల రాసిన పత్రం ఉంది. అది చూడండి!”

“ఏ సంపుటిలో వచ్చింది?” అని అడిగింది గౌరమ్మ.

“ఇంకా రాలేదు.”

“రానిదాన్ని ఎలా చూడమంటావు?” అని ఆమె వాలేశ్వరరావు వైపు తిరిగింది. “మీరేమంటారు సంపాదకులుగారూ?”

అందరి కళ్లూ ఆయన మీదే. ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆయన మాత్రం, “వాగులో... దోమలు ఎక్కువేమోనని...” అన్నాడు.

“దోమలకు కప్పలున్నాయి,” అంది గౌరమ్మ. “అయితే ఈక పెట్టేదెవరు? కనిపెట్టినవారే పెడితే అందం, మర్యాద. వాలేశ్వరరావు గారే పెడతారు.”

మళ్లీ చప్పట్లు. ఎవరో మోదుగ పూల దండ తెచ్చి మెడలో వేశారు. వాలేశ్వరరావు దండలోంచి నవ్వాడు. తోక మాత్రం కొమ్మకు మూడు చుట్లు చుట్టుకుంది.

ఉత్సవం రెండు రోజులుందనగా ఆయన వాగు ఒడ్డుకు వెళ్లాడు. అలివేలు పుట్ట తవ్వుకుంటోంది. వచ్చిందెవరో చూసి ముడుచుకోబోయి, ఆయన మొహం చూసి ఆగింది.

“అలివేలమ్మా, ఒక్క మాట. ఈకను చెవిలో ఎంత లోపలికి పెడితే పని చేస్తుందంటావు?”

“ఎంత పెట్టినా చెయ్యదయ్యా.”

“అడ్డంగా పెడితే?”

“అడ్డంగా పెట్టినా అంతే.” ఆ తర్వాత తనే అడిగింది. “మీరు నాలాగా ముడుచుకోగలరా?”

“లేనమ్మా.”

“అయితే వెళ్లకండి,” అంది. ఆ గొంతులో కోపం లేదు. తన పత్రం గురించి ఒక్క ముక్క అనలేదు. ఆమె తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

ఉత్సవం రోజు రానే వచ్చింది. వాగు ఇసుకలో అడవంతా బారులు తీరి కూర్చుంది. స్వాగతగీతం పాడటానికి జింకపిల్లల్ని ముందు వరుసలో నిలబెట్టారు. వాగు మీదికి వంగిన నేరేడు కొమ్మ మీద వాలేశ్వరరావు నెమలీక పట్టుకుని కూర్చున్నాడు. గట్టు మీద ఒక మూల కంటకయ్య, అలివేలు నిలబడి ఉన్నారు. వాళ్లను ఎవరూ కిందికి పిలవలేదు, వాళ్లూ దిగలేదు.

మొదట నేల అదిరింది. తర్వాత వాగు మలుపులో వెదుళ్లు విరిగిన చప్పుడు. భద్రయ్య కనిపించాడు. తొండం పైకెత్తి, చెవులు విప్పి వస్తున్నాడు. ఆయన చెవిలో అప్పటికే ఒక నెమలీక ఇరుక్కుని ఉంది.

దాన్ని చూసింది వాలేశ్వరరావు ఒక్కడే. సభ అంతా తన వైపే చూసి చప్పట్లు కొడుతోంది. జింకపిల్లలు పాట ఎత్తుకున్నాయి. వాటిలో అందరికన్నా చిన్నది పాట మరిచిపోయి, ఆయన వైపు చూసి నవ్వింది.

కొమ్మ మీద ఉన్నవాడికి ఏ ప్రమాదమూ లేదు. ఏనుగు కింది నుంచి పోతుంది, అంతే. ఆ సంగతి తెలుస్తూండగానే ఆయన అరిచాడు.

“లేవండి! గట్టెక్కండి! ఈక పని చెయ్యదు! నా పత్రం తప్పు!”

చెంగల్రాయుడు లేచి, “చూశారా ఎంత వినయమో! విద్వత్తు అంటే అదీ!” అన్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి.

“వినయం కాదురా, నిజం! నేను చెట్టు దిగి చూడలేదు!”

“మూడు వందల పన్నెండు పత్రాల ముందు మీ ఒక్కరి మాట ఎలా నమ్మమంటారు?” అంది కుందేలు, మర్యాదగానే.

ఇక చెప్పి లాభం లేదని ఆయనకు అర్థమైంది. కళ్లు మూసుకుని కొమ్మ మీంచి దూకాడు. సరిగ్గా భద్రయ్య మెడ మీద పడ్డాడు. “చూడండి!” అని ఒక అరుపు అరిచి, చేతిలోని ఈకను రెండో చెవిలో గుచ్చాడు. అడవిలో ఎవరైనా ఆ సిద్ధాంతాన్ని పరీక్షించి చూడటం అదే మొదటిసారి.

భద్రయ్య ఘీంకరించాడు. నిలబడ్డ చోటే గిర్రున తిరిగాడు. ఒకటి, రెండు, మూడు చుట్లు. వాలేశ్వరరావు చెవి పట్టుకుని జెండాలా ఎగురుతూ, “ఉపసంహరించుకుంటున్నాను! పత్రాన్ని ఉపసంహరించుకుంటున్నాను!” అని అరుస్తున్నాడు.

“ఏ సంపుటి? ఏ పుట?” అని కింది నుంచి నీటికాకి అడిగింది. అది రాసుకుంటోంది.

“కంటకయ్యా!” అని గొంతు చించుకున్నాడు వాలేశ్వరరావు. “అలివేలు పత్రమే నిజం! నువ్వు ఒప్పుకున్నావు, నేను దాచాను! వీళ్లను లేపు!”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు కంటకయ్య ముళ్లన్నీ నిక్కబొడిచి గలగలలాడిస్తూ సభలోకి దూకాడు. మాటకు లొంగనివాళ్లు ముళ్లకు లొంగారు. అలివేలు బిడియం మరిచిపోయి గట్టు మీంచి కేక వేసింది. “ఇటు! ఇటు రండి! తాత గట్టెక్కడు!” జింకపిల్లలు ముందు ఎక్కాయి. తర్వాత కుందేళ్లు, కప్పలు. చెంగల్రాయుడు వాటికంటే ముందే ఎక్కేశాడు గానీ, ఎప్పుడు ఎక్కాడో ఎవరూ చూడలేదు. చివరికి గౌరమ్మను ముందు నుంచి నలుగురు లాగి, వెనక నుంచి కంటకయ్య ఒక్క ముల్లుతో ప్రోత్సహిస్తే ఆమె కూడా గట్టు చేరింది.

మరుక్షణం భద్రయ్య వేదిక మీదుగా నడిచాడు. వెదుళ్లు పటపటమన్నాయి. వాలేశ్వరరావు ఎగిరి బురదగుంటలో పడ్డాడు. భద్రయ్య ఎవరినీ చూడకుండా వాగులోంచి ఏటికి వెళ్లిపోయాడు. గట్టు మాత్రం ఎక్కలేదు.

మర్నాడు ‘అడవి విజ్ఞానం’ ప్రత్యేక సంపుటి వచ్చింది. మొదటి ఆకు మీద పెద్ద అక్షరాలతో వాలేశ్వరరావు ప్రకటన: ‘నెమలీక గురించి నేను రాసింది తప్పు. అది తప్పని తెలిశాక దాచడం అంతకంటే పెద్ద తప్పు. మంచి పత్రాన్ని నా పేరు కోసం తొక్కిపెట్టాను.’ రెండో ఆకు నుంచి అలివేలు పత్రం, ఒక్క అక్షరం మార్చకుండా. దాని వెనకే కంటకయ్య అభిప్రాయం.

ఆ సంపుటితో పాటు తన రాజీనామా కూడా పట్టుకుని ఆయన గౌరమ్మ దగ్గరికి కుంటుకుంటూ వెళ్లాడు. గౌరమ్మ రాజీనామాను నమిలి మింగేసింది.

“మీరు పోతే ఆ మూడు వందల పన్నెండు పత్రాలు ఎవరు దిద్దుతారు? ఒక్కొక్కటీ చదివి, ఎక్కడ తప్పుందో రాసి, రాసినవాళ్లకు మీరే పట్టుకెళ్లి ఇవ్వండి. అదీ మీకు శిక్ష.”

“పత్రాలు చదవడం శిక్ష ఎలా అవుతుందమ్మా? అది సంపాదకుడి పనే కదా!”

“ఇంతవరకూ వాటిని చదివారా?”

“లేదు.”

“చదవండి, తెలుస్తుంది.”

మూడో పత్రానికే తెలిసింది. అయినా ఆయన మానలేదు. ఇప్పుడు తన గురించిన పత్రం ఏదొచ్చినా విప్పకుండానే కంటకయ్యకు ఇచ్చేసి, అటు తిరిగి కూర్చుంటున్నాడు. ఎవరిదైనా తిప్పి పంపితే ఎక్కడ తప్పో రాసి పంపుతున్నాడు. అలివేలును పరిశీలకురాలిగా ఉండమని సభ కోరితే ఆమె సిగ్గుతో ముడుచుకుపోయింది. సరేనందని సభ రాసుకుంది. మొదట భయపడ్డా, ఇప్పుడు ఆమె ‘చెట్టు దిగి చూశారా?’ అన్న ఒక్క ప్రశ్నతో సగం పత్రాల్ని వెనక్కి పంపుతోంది.

చెంగల్రాయుడి పదవి చెక్కుచెదరలేదు. సభను సకాలంలో గట్టెక్కించినందుకు అతనికి ఒక శాలువా కూడా దొరికింది. ఒకరోజు అతను కొత్త పత్రం పట్టుకుని వచ్చాడు. పేరు, ‘ఉపసంహరణ వల్ల పండితుల కీర్తి పెరుగుట’.

“గురువుగారూ, మీ ప్రకటన అడవిని ఊపేసింది. అందరూ దాన్నే ప్రస్తావిస్తున్నారు. నా పత్రాల్లో కూడా ఏదో ఒకటి ఉపసంహరించి పెట్టండి. పై పదవికి పనికొస్తుంది.”

వాలేశ్వరరావు ఆకులు తిప్పాడు. తన పేరు నలభై చోట్ల ఉంది. ముల్లు తీసుకుని ఒక్కొక్కటే కొట్టేశాడు.

“అయ్యో, అన్నీ కొట్టేస్తే మరి ఎవరిని ప్రస్తావించమంటారు?”

“నువ్వు నిజంగా ఎవరి పత్రం చదివావో వాళ్లను.”

చెంగల్రాయుడు వేళ్లు మడిచి లెక్కపెట్టబోయాడు. మొహం వేలాడేసి, “అలాగైతే ఎవరూ మిగలరండి,” అన్నాడు.

కథ విన్నాక నీతి కూడా కావాలనేవాళ్ల కోసం: తప్పు ఒప్పుకున్న సంపాదకుడికి చచ్చేంత పని, ఒప్పుకోనివాడికి చచ్చేదాకా సన్మానం.